హుండీ పలచబడినప్పుడు లెక్క రాసేవారు ఏం చేయాలి?

గుళ్లో గుమాస్తా, చర్చి ఆఫీసులో అకౌంటెంటు, మఠంలో క్యాషియరు, మసీదు కమిటీ లెక్కలు చూసే కుర్రాడు. పేర్లు వేరైనా పని ఒకటే. వచ్చిన కానుక రాయాలి, అయిన ఖర్చు రాయాలి, నెలాఖరుకి రెండూ పొసగాలి. రాబడి బాగున్నన్నాళ్లు ఈ ఉద్యోగంలో పెద్ద చిక్కులుండవు. తగ్గిందా, మొదట మాట పడేదీ చివరికి ఇరుక్కునేదీ లెక్క రాసేవారే.

కానుకలు తగ్గడం మీ చేతిలో లేదు. దాని వల్ల ఉద్యోగం పోయినా పేరు పోదు. ఆ లోటు పూడ్చడానికి పుస్తకాల్లో చేసే సర్దుబాట్ల కింద మాత్రం మీ సంతకం ఉంటుంది. లోటును లోటుగానే చూపించడం, దాన్ని కప్పిపుచ్చే పనిలో చెయ్యి కలపకపోవడం: ఈ ఉద్యోగంలో నిలదొక్కుకోవాలంటే ఇదే దారి.

నిజంగా తగ్గిందా?

"పోయినేటి కన్నా బాగా పడిపోయింది" అని కమిటీలో ఎవరో అంటారు. ఆ మాట పట్టుకుని ఖర్చులు కోసేముందు క్యాలెండరు తీయండి. పండుగలు తిథుల లెక్కన నడుస్తాయి, పద్దులు ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడుస్తాయి. శ్రీరామనవమి 2023లో మార్చి 30న వచ్చింది, 2024లో ఏప్రిల్ 17న వచ్చింది. అంటే 2023-24 ఆర్థిక సంవత్సరంలో రామాలయానికి నవమే లేదు. కల్యాణం టిక్కెట్లు, చదివింపులు, ఆ రోజు హుండీ అన్నీ ముందటేడులోనో తర్వాతేడులోనో పడ్డాయి. ఈస్టర్ సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. 2023 ఏప్రిల్ 9న ఒకటి, 2024 మార్చి 31న మరొకటి వచ్చి ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండు పడ్డాయి. 2024-25లో ఒక్కటీ లేదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అందుకని ఏడాది మొత్తాన్ని ఏడాది మొత్తంతో పోల్చవద్దు. మూడేళ్ల రాబడిని నెలల వారీగా ఒక షీటులో వేసి, పండుగ రాబడిని వేరే వరుసలో చూపండి.

ఆ షీటులోనే దాతల సంఖ్య ఒక గడి, మొత్తం సొమ్ము ఒక గడి పెట్టండి. దాతలు అంతే ఉండి సొమ్ము తగ్గితే జనం చేతిలో డబ్బు ఆడడం లేదన్నమాట. దాతలే తగ్గితే పాత కుటుంబాలు ఊరు వదిలాయా, లేక కమిటీ మీద నమ్మకం సడలిందా అన్నది పెద్దలు మాట్లాడుకోవాలి. ఆ చర్చలో మీరు తీర్పు చెప్పనక్కర్లేదు, అంకెలు ముందు పెడితే చాలు.

కొన్ని లోట్లు కొత్తవి కూడా కావు. ఎప్పుడో 1,116 రూపాయలు కట్టి, పెళ్లిరోజున ఏటా అర్చన చేయించమని శాశ్వత పూజకు రాయించుకున్నవారుంటారు. ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి వచ్చేది 78 రూపాయలు. పూలు, కొబ్బరికాయ, ప్రసాదం, పోస్టులో పంపే కుంకుమ ఖర్చుకు అది ఏ మూలకు? ఇలాంటి పూజలు ఎన్ని ఉన్నాయో, ఒక్కోదానికి వడ్డీ ఎంత వస్తోందో, ఖర్చెంతవుతోందో రాసి చూపించండి. కొత్త శాశ్వత పూజకు రేటు పెంచాలో, కాలపరిమితి పెట్టాలో అప్పుడు కమిటీకే తెలుస్తుంది.

లెక్కింపు దగ్గర

రాబడి తగ్గినప్పుడు మొదటి అనుమానం లెక్కించేవారి మీదే. కాబట్టి పద్ధతి గట్టిగా ఉండడం మీకే రక్షణ. హుండీ తాళాలు రెండు ఉండాలి, ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకూడదు. తెరిచేముందు సీలు సరిగా ఉందని రాసుకోవాలి. అయిదు వందల నోట్లు ఎన్ని, రెండు వందలవి ఎన్ని, చిల్లర ఎంత అని విడివిడిగా రాసి, కూర్చున్నవారు లేవకముందే అందరి సంతకాలూ తీసుకోవాలి. చినిగిన నోట్లు, విదేశీ నోట్లు, ముక్కుపుడకలు, వెండి కళ్లు వేరే కాగితం మీదికెక్కాలి. ఆదివారం కానుకల సంచికీ ఇదే నియమం.

తర్వాత మర్నాడే మొత్తం బ్యాంకులో పడాలి. "పూలవాడు వచ్చి కూర్చున్నాడు, అందులోంచి రెండు వేలు ఇచ్చెయ్" అంటే ఇవ్వకండి. రాబడి అంతా ఒకసారి బ్యాంకుకు చేరి, ఖర్చు వోచరు మీద బయటికి రావాలి. రసీదు పుస్తకాలకు స్టాకు రిజిస్టరు పెట్టండి. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఎవరికిచ్చారో రాయండి. రద్దయిన రసీదు రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉండాలి.

ఇప్పుడు చిల్లర బదులు ఫోన్లు వచ్చాయి. గోడ మీది క్యూఆర్ కోడ్‌ను వారానికోసారి మీరే స్కాన్ చేసి, ఒక్క రూపాయి వేసి, ఎవరి పేరు వస్తోందో చూడండి. సంస్థ పేరు కాక ఇంకెవరి పేరైనా కనబడితే ఆ రోజే ఫోటో తీసి రాతపూర్వకంగా పెద్దలకు తెలపండి. మీ సొంత నంబరుకు మాత్రం కానుక ఎన్నడూ వేయించుకోవద్దు, "తర్వాత ఖాతాకు మార్చేద్దాం" అని ఎవరన్నా సరే.

దారి మళ్లే డబ్బు

జీతాల రోజు వస్తుంది, జనరల్ ఖాతా ఖాళీ. పక్కనే అన్నదానం డిపాజిట్టో, భవన నిధో నిండుగా కనిపిస్తుంది. "ఈ నెలకు వాడుదాం, పండక్కి తిరిగి వేసేద్దాం" అంటారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న ఉద్దేశమూ మంచిదే. సర్కారుకు కట్టాల్సిన శిస్తుతో రాములవారికి గుడి కట్టి గోల్కొండ చెరసాలలో పడ్డాడు. రాములవారే దిగివచ్చి గోల్కొండ సుల్తాను తానీషాకు మొహరీలు చెల్లించారని కథ. మన బాకీకి అలా ఎవరూ రారు.

పేరు పెట్టి ఇచ్చిన డబ్బు ఆ పనికే. మారాలంటే దాత ఒప్పుకోవాలి, దేవాదాయ శాఖ కింది ఆలయమైతే శాఖ అనుమతి కావాలి. ఈ మాట పెద్దలతో గొడవ పడకుండా చెప్పవచ్చు: "అయ్యా, అది అన్నదానం సొమ్ము. ఆడిట్‌లో అడుగుతారు. తీయాలంటే తీర్మానం రాసి, దాత అనుమతి జత చేయించండి, పద్దు అలాగే రాస్తాను." తీర్మానం ఒక్కటే దాత షరతును చెరపదు. అయినా నిర్ణయం ఎవరిదో కాగితం మీద తేలుతుంది. నోటిమాటగా చెప్పి చేయిస్తే, అదే రోజు మెయిలు గానీ వాట్సాప్ గానీ పెట్టండి: "ఈ రోజు మీరు చెప్పినట్టు..." అని మొదలుపెట్టి.

సంతకం పెట్టకూడనివి

80జీ రసీదు మొదటిది. నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు 80జీ పన్ను మినహాయింపు రాదు. "ఇరవై వేలు నగదిస్తాను, చెక్కని రాయి" అన్నా, "చెక్కు తీసుకుని కొంత ఉంచుకుని మిగతాది చేతికివ్వండి" అన్నా అది దొంగ రసీదే. దాతల పాన్ నంబర్లతో ఏటా ఆదాయపు పన్ను శాఖకు వివరాలు వెళ్తాయి కాబట్టి పాత తేదీతో రసీదు రాయడం కూడా దాగదు. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో వచ్చిన 2025 నాటి చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్లు, ఫారాల నంబర్లు ఆడిటరుతో సరిచూసుకోండి.

రెండోది విదేశీ డబ్బు. స్థానిక రాబడి తగ్గగానే అమెరికాలోని ఊరివారు గుర్తొస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డున్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు దిగవలసింది న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాలోనే. పాలనా ఖర్చులకు అందులో 20 శాతం మించి వాడకూడదు, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పంపేవారిని "మీది ఏ పాస్‌పోర్టు?" అని అడగడానికి మొహమాటపడకండి.

మీ సంగతి

సేవ అన్న మాటతో జీతం ఆలస్యం కావడం మామూలే. అయినా నియామక పత్రం చేతిలో ఉండాలి, జీతం బ్యాంకులో పడాలి. పీఎఫ్ కోస్తున్నట్లయితే ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్కు ప్రతి నెలా చూసుకోండి. మీ జీతంలోంచి కోసిన వాటాను జమ చేయకపోవడం నమ్మకద్రోహం కింద నేరమని చట్టం చెబుతోంది. రెండు నెలలు జమ కాకపోతే ముందు రాతపూర్వకంగా అడగండి, పలకకపోతే పీఎఫ్ కార్యాలయానికి వెళ్లండి.

ఎప్పుడు వదలాలి? జీతం తగ్గిస్తామంటే ఆలోచించుకోవచ్చు, సంస్థ మీద అభిమానముంటే కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. దొంగ రసీదు రాయమన్నా, పుస్తకం తిరగరాయమన్నా ఇక ఓర్చుకోవడానికి ఏమీ లేదు. వెళ్లేటప్పుడు రసీదు పుస్తకాలు, చెక్కు పుస్తకాలు, తాళాలు, నగదు నిల్వ, పాస్‌వర్డులు జాబితా రాసి అప్పగించి, ప్రతి పేజీ మీద తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. బ్యాంకులో సంతకదారుగా మీ పేరుంటే తీసేయించి, ఆ లేఖ నకలు దగ్గర పెట్టుకోండి.

బయట ఈ అనుభవానికి విలువ లేదనుకోవద్దు. నిధుల వారీగా పద్దులు రాయడం, 80జీ, ఎఫ్‌సీఆర్‌ఏ, ఆడిట్‌కు కాగితాలు సిద్ధం చేయడం తెలిసినవారు ట్రస్టు బడులకు, ఆసుపత్రులకు, స్వచ్ఛంద సంస్థలకు కావాలి. ఇంటర్వ్యూలో పాత చోట ఎవరేం తిన్నారో చెప్పకండి. మీరు ఏ రిజిస్టరు ఎలా పెట్టారో చెప్పండి, పని ఇచ్చేవారికి కావలసింది అదే.