పలక పట్టిన చేయి: పల్లెబడిలో మొదటి మెట్లు

పంచాయతీ సమావేశములలో వీధిదీపములు, మురుగు కాలువలు, బాటలు, మంచినీటి కుళాయిలు తరచుగా చర్చకు వచ్చుచుండును. బడి ప్రస్తావన వచ్చినను, అది గోడలను గురించియు పైకప్పును గురించియు ముగియుచుండును. అవి అవసరములే. కాని రెండు ప్రశ్నలు అడుగు సభ్యులు తక్కువ. ఊరిలో ఆరేండ్లలోపు బిడ్డ లందరు అంగన్‌వాడికి వచ్చుచున్నారా? మూడవ తరగతి ముగించు బిడ్డ తన పాఠమును తానే చదివి అర్థము చేసికొనగలుగుచున్నాడా? ప్రభుత్వ విద్యావిధానమున నేడు ప్రథమ స్థానము ఈ రెండింటికే లభించినది. వీనిని కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె ప్రాంతమును దృష్టియందుంచుకొని పరిశీలింతము.

పాత వ్యాధి

ఈ సీమలో పిల్లల చదువును గురించిన లెక్క క్రొత్తది కాదు. దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822లో రాజధాని యందలి బడుల వివరములను సేకరింపుమని ఉత్తర్వు చేసెను. మన పొరుగుననున్న బళ్ళారి జిల్లా కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారము, తొమ్మిది లక్షలకు పైబడిన జనములో బడులలోనున్న పిల్లలు ఏడువేల కంటె తక్కువ. కారణము కూడ ఆయన తెలిపెను. పేద కుటుంబములకు చదువు ఖర్చు భరించు శక్తి లేదు. బిడ్డ చేతులు కొంచెము బలపడగానే వానిని పనికి పెట్టుకొనవలసి వచ్చుచున్నది.

నాటి ఖర్చు భారము నేడు చాలవరకు తగ్గినది. ప్రభుత్వ బడిలో చదువు, పుస్తకములు, మధ్యాహ్న భోజనము ఉచితము. కాని రెండవ కారణము రూపు మార్చుకొని నిలిచియున్నది. తల్లి తెల్లవారక ముందే కలుపునకో, వేరుసెనగ కాయలు ఒలుచుటకో పోయిన యింట, పసివాని నెత్తుకొని యుండుటకు పదేండ్ల అక్క బడి మానుచున్నది. ఒక పసిబిడ్డకు నీడ దొరకనందున ఇద్దరు బిడ్డల చదువు చెడుచున్నది. కావున అంగన్‌వాడి సరిగా నడచుట పసివానికి మాత్రమే కాక, వాని అక్కకును మేలు.

ముంగిటి బడి

అంగన్‌వాడి యను పేరులోనే దాని ఉద్దేశ్యము కలదు. అంగనమనగా ముంగిలి. మహారాష్ట్రమునందలి బోర్డి గ్రామమున 1945లో బాలవిద్యా కేంద్రము ప్రారంభించిన తారాబాయి మోదక్, పేదవాడల పిల్లలు తన బడికి రాకపోవుట చూచి, బడినే వారి ముంగిటికి తీసికొని పోయెను. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 ప్రాంతములలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆ పేరునే గ్రహించినది. అదనపు పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనపుడు ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్య బోధ, బడికి ముందటి చదువు అను ఆరు సేవలు దీనియందు చేరియున్నవి.

వీనిలో మొదటి అయిదింటిని గురించి ప్రజలకు కొంత తెలియును. ఆరవదియే మరుగున పడుచున్నది. అంగన్‌వాడి అనగా గ్రుడ్డు, పాలు ఇచ్చు చోటని మాత్రమే పలువురి తలంపు. ఆరేండ్లలోపుననే మెదడు ఎదుగుదలలో నూటికి 85 వంతులు పూర్తియగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. పాట, కథ, రంగులు గుర్తించుట, గింజలు లెక్కించుట, తోటివారితో కలిసి మాటలాడుట ఈ వయసున ఆటలు కావు, చదువునకు పునాదులు. అందుచేతనే ఆ విధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్ల వరకు గల కాలమును ఒకే దశగా నిర్ణయించినది. ఆరేండ్లలోపు శిశువుల సంరక్షణ, విద్య రాజ్యము చూడవలెనని 2002 నాటి 86వ సవరణచే రాజ్యాంగమందును చేరినది.

మూడవ తరగతి గడప

మూడవ తరగతి వరకు బిడ్డ చదువుట నేర్చుకొనును. అటుపై చదివి నేర్చుకొనును. ఈ గడప దాటలేని బిడ్డకు నాలుగవ తరగతినుండి ప్రతి పుస్తకమును మూసిన తలుపే యగును. వాడు హాజరు పట్టీలో నుండును, పాఠములో నుండడు. కొన్ని యేండ్లు మౌనముగా కూర్చుండి, పిదప బడి మానును. 2024లో దేశమందలి గ్రామములలో జరిగిన అసర్ సర్వేలో, మూడవ తరగతి పిల్లలలో నూటికి సుమారు 27 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. మూడవ తరగతి ముగియు నాటికి ప్రతి బిడ్డకు చదువు, లెక్క రావలెనను లక్ష్యముతో కేంద్ర ప్రభుత్వము 2021 జులై 5న నిపుణ్ భారత్ కార్యక్రమమును ప్రారంభించి, 2026–27ను గడువుగా పెట్టినది.

మన రాష్ట్రమున 2019 నవంబరు 14న ప్రారంభమైన నాడు–నేడు కార్యక్రమము మొదటి విడతలో 15,715 బడులకు మరుగుదొడ్లు, త్రాగునీరు, బల్లలు మొదలగునవి సమకూర్చ సంకల్పించినది. కట్టడమునకు పెట్టిన ధనము చదువుగా మారవలెనన్న, ఊరివారి చూపు దానిపై నుండవలెను.

తుమ్మలపల్లెకు ప్రత్యేకముగా

తుమ్మలపల్లె యురేనియము గనికి 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో శుద్ధి కర్మాగారము పని ప్రారంభించినది. గని వ్యర్థములు నిలువచేయు చెరువునకు సమీపమునగల గ్రామముల రైతులు భూగర్భజలమును గురించి ఆందోళన తెలిపియున్నారు. పసిపిల్లలు తమ బరువునుబట్టి చూచిన పెద్దలకంటె ఎక్కువ నీరు త్రాగుదురు. కావున ఇచటి అంగన్‌వాడి నీటిని, బడి నీటిని క్రమముగా పరీక్ష చేయించుట అనుమానముతో గాక ముందుచూపుతో చేయవలసిన పని. గ్రామమునకిచ్చు చిన్న పరీక్ష పెట్టెతో యురేనియము తేలదు. నీటిని ప్రయోగశాలకే పంపవలెను. లీటరు నీటిలో ఇది 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

గనుల ప్రాంతమునకు ఒక అవకాశము కూడ కలదు. 2015లో గనుల చట్టమునకు చేసిన సవరణచే జిల్లా ఖనిజ నిధి ఏర్పడినది. త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, స్త్రీ శిశు సంక్షేమము ఆ నిధి వ్యయములో అధిక ప్రాధాన్యము గలవి. అడిగిన గ్రామము పేరే ప్రణాళికలో చేరును.

సభ్యులు చేయదగిన పనులు

విద్య, స్త్రీ శిశు అభివృద్ధి రెండును రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కావున ఈ క్రింది పనులను మేము సూచించుచున్నాము.

1. జనన రిజిస్టరును అంగన్‌వాడి పట్టీతో పోల్చి, పేరు లేని బిడ్డలను గుర్తింపవలెను. కూలికై వలసవచ్చి గుడిసెలలో నున్నవారి బిడ్డలను మరువరాదు.

2. పిల్లలను తూచు దినమున ఒక సభ్యుడైన హాజరై, బరువు పెరుగని బిడ్డల తల్లులతో మాటలాడవలెను.

3. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘమున మూడు వంతుల మంది తలిదండ్రులును, మొత్తములో సగము మంది స్త్రీలును ఉండవలెను. ఆ సమావేశములో హాజరుతో పాటు, మూడవ తరగతిలో ఎందరు చదువగలుగుచున్నారో అడుగవలెను. ఈ ప్రశ్న ఉపాధ్యాయుని తప్పు పట్టుటకు కాదు, ఆయనకు కావలసిన సాయము తెలిసికొనుటకు.

4. పంట పనుల కాలమున బడి మానిన ఆడపిల్లల యిండ్లకు పోయి, కారణము తెలిసికొనవలెను. కారణము పసిబిడ్డయైనచో అంగన్‌వాడికి చేర్పింపవలెను.

5. నీటి పరీక్ష ఫలితమును గ్రామసభలో చదివి వినిపింపవలెను. లోపమున్నచో ఖనిజ నిధినుండి సాయము కోరుచు తీర్మానము చేయవలెను.

వీనిలో మొదటి నాలుగు పనులకును ధనము అక్కరలేదు. నెలకు ఒకటి రెండు పూటల కాలము చాలును. బాట ఈ యేడు వేయకున్న వచ్చు నేడు వేయవచ్చును. మూడేండ్ల బిడ్డకు మాత్రము ఆ వయసు మరల రాదు. వచ్చు సమావేశపు కార్యక్రమమున ఈ అంశమును మొదట చేర్చుటకు సభ్యులు పూనుకొందురు గాక.