పత్తి గింజల చెక్కతో ఆహార పొరలు: అవకాశాలు, పరిమితులు

గుంటూరు, ప్రకాశం మైదానాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. జిన్నింగ్ మిల్లులో దూది వేరైన తరువాత గింజలు నూనె మిల్లుకు చేరుతాయి. నూనె తీయగా మిగిలిన చెక్క పశువుల దాణాగా వినియోగమవుతున్నది. ఈ చెక్కలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నందున, ప్లాస్టిక్‌కు బదులుగా వాడదగిన పలుచని పొరల తయారీకి దీనిని ముడిసరుకుగా పరిగణించవచ్చు. అయితే మట్టిలో కలిసిపోయే ప్రతి పొరా తినదగినది కాదు. ఈ భేదాన్ని గుర్తించడం పరిశోధనలో తొలి మెట్టు.

తయారీ విధానం

నూనె తీసిన పిండిని క్షార ద్రావణంలో కలిపినపుడు మాంసకృత్తులు కరుగుతాయి. పీచును వడకట్టి, ద్రావణానికి ఆమ్లం చేర్చి వాటిని అవక్షేపంగా వేరుచేస్తారు. ఈ అవక్షేపాన్ని తిరిగి కరిగించి, గ్లిజరాల్ కలిపి, సమతలమైన పళ్ళెంలో పలుచగా పోసి ఆరబెట్టగా పొర ఏర్పడుతుంది. గ్లిజరాల్ తక్కువైతే పొర పెళుసుగా విరుగుతుంది. ఎక్కువైతే బలం తగ్గి, తేమను పీలుస్తుంది.

గాసిపాల్ సమస్య

పత్తి గింజలోని గ్రంథుల్లో గాసిపాల్ అనే పసుపుపచ్చని విషపదార్థం ఉంటుంది. దీనిలోని ఆల్డిహైడ్ సమూహాలు మాంసకృత్తుల్లోని లైసిన్‌తో బంధం ఏర్పరచి పొరను బలపరుస్తాయి. ఫార్మాల్డిహైడ్ కూడా ఇదే విధంగా పనిచేస్తుంది. కానీ బంధం ఏర్పరచక స్వేచ్ఛగా మిగిలిన గాసిపాల్ మానవులకు హానికరం. పురుషుల సంతానోత్పత్తి శక్తిని అది తగ్గిస్తుంది. అమెరికాలో ఆహారానికి వాడే పత్తి గింజల ఉత్పత్తుల్లో స్వేచ్ఛా గాసిపాల్ 450 పి.పి.ఎం. మించరాదు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం రూపొందించిన, గింజలో గాసిపాల్ అతి తక్కువగా ఉండే పత్తికి 2019లో అక్కడ ఆహార వినియోగ అనుమతి లభించినది. అది ఈ ప్రాంతంలో సాగులో ఉన్న రకం కాదు. కనుక ఇక్కడి చెక్కతో చేసిన పొరను పరీక్ష లేకుండా తినదగినదని ప్రచారం చేయరాదు. సస్యరక్షణ మందుల అవశేషాలను కూడా పరీక్షించాలి.

మిరపకు అన్వయం

మాంసకృత్తుల పొరలు నూనెను, పొడి వాతావరణంలో ఆక్సిజన్‌ను బాగా అడ్డుకుంటాయి. నీటి ఆవిరిని మాత్రం అడ్డుకోలేవు. కల్లంలో ఎండిన మిరపకాయలు తిరిగి తేమ పీలిస్తే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ పెరుగుతుంది. ఎండు మిరపలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నియమం. కాబట్టి యార్డుకు వచ్చే టిక్కీలకు, శీతల గిడ్డంగి నిల్వకు ఈ పొరలు తగినవి కావు.

పరిశోధన దిశ

ఫార్మాల్డిహైడ్‌తో బలపరచిన పొర తినడానికి పనికిరాదు. గాసిపాల్ ఎక్కువగా ఉన్న చెక్కతో చేసిన పొరలను మిరప మడులపై ఆచ్ఛాదనగాను, నారు పెంచే తొట్లుగాను మొదట పరిశీలించవచ్చు. ఆహారానికైతే గింజకు అంటిన పొట్టి నూగు సురక్షితమైన మార్గం. ఇందులో అధికభాగం సెల్యులోజు. దీని నుండి తయారయ్యే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజు ఆహార పరిశ్రమలో ఇప్పటికే వాడుకలో ఉన్నది.

విద్యార్థులు పొర మందం, తన్యతా బలం, నీటి ఆవిరి ప్రసారం, నీటిలో కరిగే గుణంతోపాటు స్వేచ్ఛా గాసిపాల్‌ను కూడా తప్పక కొలవాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ఔత్సాహికులకు సలహా ఇచ్చే ముందు, పొర దేనిని కప్పబోతున్నదో, ఎంతకాలం కప్పి ఉంచాలో నిర్ధారించుకోవాలి. ముడిసరుకు ఎంపిక ఆ తరువాతి విషయం.