హోటల్ ఉగ్గాని, బజ్జీ: మన చేని బుడ్డల నూనెతో ఇంట్లోనే



ఆదోని యార్డుకు పత్తి వేసుకొని పోయినా, ఎమ్మిగనూరుకు పనిమీద పోయినా పది, పదకొండు గంటలకు కాళ్లు హోటల్ వైపే లాగుతాయి. పొద్దున టిఫినుకు ఆలస్యం, మధ్యాహ్నం బువ్వకు ఇంకా టైముంది. ఆ వేళకు ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు ఉంటే చాలు. బళ్ళారి, రాయచూరు వైపు దీన్నే ఒగ్గరణి అంటారు. కన్నడంలో ఒగ్గరణె అంటే తాలింపు. అంటే ఈ వంటకు ప్రాణం నూనె.

తిరకాసు అక్కడే ఉంది. మన సి.బెళగల్ పక్క మందులు కొట్టకుండా బుడ్డలు, ఎర్రగడ్డలు, మిరప పండించి అమ్ముతాం. మనం తినేది మాత్రం ఎన్నిసార్లు కాగిందో తెలియని నూనెలో వేగిన బజ్జీ! హస్త, చిత్త కార్తెల్లో కొత్త బుడ్డలు ఇంటికొస్తాయి కాబట్టి ఇప్పుడే మొదలుపెడదాం.

ముందు నూనె సంగతి

ఈ కాలంలో బుడ్డలు పీకగానే వాన పట్టుకుంటుంది. తడి కాయల్లో బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వంట వేడికి పూర్తిగా పోదు. గానుగ నూనెను శుద్ధి చేయం కాబట్టి గింజలో ఉన్న విషం కొంత నూనెలోకి వస్తుంది. అందుకే:

- పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టాలి.
- కాయ ఊపితే గింజ గలగలలాడేదాకా ఎండాలి. తేమ 8 శాతం దాటకూడదు.
- బూజు పట్టినవి, ముడతపడినవి, రంగు మారినవి ఏరి పారేయాలి. పశువులకు కూడా పెట్టొద్దు.

లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి.

కావలసినవి (నలుగురికి)

గట్టి బొరుగులు 200 గ్రాములు, ఎర్రగడ్డలు 2, టమోటా 1, పచ్చిమిరపకాయలు 5, బుడ్డల నూనె 4 చెంచాలు, ఆవాలు, జీలకర్ర, కరేపాకు, పసుపు, కొత్తిమీర, నిమ్మకాయ.

పొడికి: పప్పులు (పుట్నాలు) అర గ్లాసు, ఎండు కొబ్బరి 2 చెంచాలు, తెల్లగడ్డ 4 రెబ్బలు, కొద్దిగా ఉప్పు.

అగ్నిఅస్త్రం కొట్టిన మిరపచెట్ల నుంచి వెంటనే కాయలు కోయొద్దు, అందులో పొగాకు ఉంటుంది. నీమాస్త్రంలో పేడ, మూత్రం ఉంటాయి. కొన్ని రోజులు ఆగి కోసి, బాగా కడిగి వాడాలి.

తయారీ

1. పొడి సరుకులన్నీ కలిపి మెత్తగా కొట్టి పెట్టుకోవాలి.
2. నూనెలో ఆవాలు, జీలకర్ర, కరేపాకు, దంచిన పచ్చిమిరప, ఎర్రగడ్డలు, టమోటా, పసుపు వేసి మగ్గించాలి.
3. బొరుగులను నీళ్లలో ముంచి, మెత్తబడగానే గట్టిగా పిండాలి. పలుచని బొరుగులకు నిమిషం చాలు, గట్టివాటికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. ఎక్కువసేపు నానితే ముద్దే.
4. తాలింపులో వేసి రెండు నిమిషాలు కలిపి, మంట ఆపేశాకే పొడి చల్లాలి. హోటల్ రుచి ఇక్కడే వస్తుంది. చివర్లో నిమ్మరసం, కొత్తిమీర.

బట్టీలో బొరుగులు వేయించేముందే బియ్యానికి ఉప్పు పట్టిస్తారు. కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి.

బజ్జీ

బజ్జీ మిరపకాయలను నిలువునా చీల్చి గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు పూయాలి. శనగపిండి జారుగా కలిపి ముంచి వేయించాలి. మిగిలిన నూనెను వడగట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేయండి, మళ్లీ బజ్జీలకు పెట్టొద్దు.

బొరుగులు, పుట్నాలు బయట కొన్నవే కావచ్చు. నూనె, ఎర్రగడ్డ, మిరప మనవైతే ప్లేటులో సగం మన చేనే. కొత్త బుడ్డలన్నీ అమ్మేయకుండా ఇంటి నూనెకు ఒక మూట పక్కన పెట్టండి. పిండే పద్ధతి, పొడి చల్లే పద్ధతి వీడియోలో ఒకసారి చూసి, ఈ ఆదివారమే చేసుకోండి.