ఉపగ్రహం కంటికి మా పొలం బీడులా ఎందుకు కనిపించింది?



వేరుశనగ తీశాక నేలను ఎండకు వదలకుండా నవధాన్యాలు చల్లి, పైన వరిగడ్డితో ఆచ్ఛాదన వేశాను. వారం తర్వాత కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రం తెరిస్తే గుండె జారిపోయింది. మా ఎకరం లేత గోధుమ రంగులో ఉంది. పక్కన వయ్యారిభామ పెరిగిన బీడు మాత్రం పచ్చగా ఉంది! గడ్డికి పెట్టిన డబ్బు దండగైందా, అంతా తీసేసి మళ్లీ దున్నేద్దామా అనిపించింది. తీసే ముందు ఆ రంగు ఎలా వస్తుందో నేర్చుకున్నాను.

పచ్చటి ఆకు ఆహారం తయారు చేసుకోవడానికి ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. మన కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని ఎక్కువగా తిప్పి పంపుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. ఉదాహరణకు, పైరు పరారుణ కాంతిని 40 శాతం, ఎరుపును 8 శాతం తిప్పి పంపిందనుకోండి. 32ను 48తో భాగిస్తే 0.67. ఎండుగడ్డి 30, 20 శాతం పంపిందనుకుంటే 10ని 50తో భాగించాలి, 0.2 మాత్రమే. వట్టి నేల కూడా ఇంచుమించు అంతే చూపిస్తుంది.

అంటే ఎన్‌డీవీఐ కొలిచేది పచ్చదనాన్నే. ఆ పచ్చదనం పంటదా కలుపుదా, నేల మీద ఎండుగడ్డి కప్పి ఉందా లేదా అన్నది చెప్పదు.

పొలానికెళ్లి గడ్డి పక్కకు జరిపి చూశాను. కింద చెమ్మ ఉంది, అలసంద మొలకలు పైకి వస్తున్నాయి. గడ్డి తీయలేదు. తర్వాతి చిత్రాల్లో అదే ఎకరం మెల్లగా పచ్చబడింది.

ఇప్పుడు నేను పాటించేవి ఇవి:

1. ఒక్క చిత్రం చూసి నిర్ణయం తీసుకోను. సుమారు 5 రోజులకోసారి కొత్తది వస్తుంది కాబట్టి వరుసగా చూస్తాను. మబ్బు ఉన్నవి వదిలేస్తాను.
2. ఒక్కో గడి 10 మీటర్ల చదరం, ఎకరానికి దాదాపు 40 గడులే. గట్టు పక్క గడుల్లో చెట్ల పచ్చదనం కలుస్తుంది, అందుకే మధ్యవే చూస్తాను.
3. విత్తిన రోజు, ఆచ్ఛాదన వేసిన రోజు, వాన పడిన రోజు నోట్‌బుక్‌లో రాసుకుంటాను.
4. రంగు తేడాగా ఉన్న చోటికి నడిచి వెళ్లి, చేత్తో మట్టి తీసి చూస్తాను.

చిత్రంలో మీ పొలాన్ని ఎలా గుర్తించాలో పై వీడియోలో చూపించాను. మీ పొలం ఏ రంగులో కనిపించిందో, దగ్గరికెళ్తే ఏముందో కామెంట్లో రాయండి.