అల్లూరి పుట్టిన ఇంటికి మా ప్రయాణం – ఒక చరిత్ర పాఠం



ఎం.ఏ. చరిత్రలో మాకు చైనా విప్లవ నాయకుడు సన్ యట్ సేన్ గురించి ఒక పాఠం ఉండేది. ఆయన 1866లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని త్సుయ్‌హెంగ్ అనే పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టారు. 1892లో ఆయన అక్కడ కట్టించిన ఇంటిని నేటికీ కాపాడుకుంటున్నారు. ఆ పాఠం విన్నరోజు మాకు సిగ్గేసింది. చైనాలోని ఇంటి గురించి పరీక్ష కోసం చదివాం గానీ, మన జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయన పుట్టిన ఇల్లు చూడలేదు. అందుకే మన హాస్టల్ పాత విద్యార్థులం నలుగురం కలిసి పాండ్రంగి వెళ్లాం.

దారిలోనే ఒక విషయం తెలిసింది. మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చే గోస్తనీ నది ఒడ్డునే ఆ ఊరు ఉంది. మనం రోజూ చూసే నీళ్లే ఆ ఊరి మీదుగా భీమిలి దగ్గర సముద్రానికి పోతున్నాయి.

ఇల్లు చెప్పేది

అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టారు. అది తల్లి సూర్యనారాయణమ్మ గారి పుట్టినిల్లు. తండ్రి వెంకటరామరాజు గారి స్వగ్రామం పశ్చిమ గోదావరిలోని మోగల్లు. అంటే, ఆ ఇల్లు మనకు చెప్పేది ఆయన పుట్టుక మాత్రమే. ఆయనను నాయకుడిని చేసింది మన్యం.

1882 మద్రాసు అటవీ చట్టం వల్ల పోడు వ్యవసాయానికి, అడవిలో తిరగడానికి ఆంక్షలు వచ్చాయి. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో గిరిజనులకు సరిగా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంట నుంచే తిరుగుబాటు పుట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఇల్లు చెప్పనిది

రాజు వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర మన కొండల మనుషులే. మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మరి ఉద్యమకారులకు తిండి మోసినవాళ్లు, కబురు చేర్చినవాళ్లు ఎవరు? మేం చదివిన పుస్తకాల్లో వాళ్ల పేర్లు కనబడలేదు.

మాలో ఒకరి నాయనమ్మది చింతపల్లి వైపు. తన తండ్రి రోడ్డు పనికి పోయి పడిన పాట్లు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని చెబుతుండేది. మేం అన్నం తింటూ విన్నాం, మరిచిపోయాం. ఆమె పోయి ఏడాదయింది. పాండ్రంగిలో ఆ ఇంటి ముందు నిలబడినప్పుడు ఆ మాటలు గుర్తొచ్చాయి. ఆయన పేరు, ఊరు, ఎన్నాళ్లు చాకిరీ చేశారు అని నలుగురం ఎంత ఆలోచించినా ఒక్కటీ పూర్తిగా జ్ఞాపకం రాలేదు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. చేతిలో కలం ఉండి కూడా రాయలేదు.

మనం చేయవలసిన పని

2022 ఏప్రిల్ 4న మన జిల్లాకు అల్లూరి పేరు పెట్టారు. ఆయన పుట్టిన ఊరు విశాఖ జిల్లాలో, సమాధి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. అయినా ఆ పేరు మనకు దక్కింది. ఎందుకంటే పోరాటం జరిగింది ఈ కొండల్లో. ఆ పోరాటం చేసినవాళ్ల మనవలం మనం.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. మన ముత్తాతల పేర్లేమిటి? వాళ్లు ఏ ఊళ్లో, ఏ పని చేసి బతికారు? అటవీ అధికారులతో, దొరలతో ఏం ఇబ్బందులు పడ్డారు? వాళ్లు ఏ భాషలో చెబితే ఆ మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. తిరిగి వచ్చాక ఆ నోటుబుక్కులు మన హాస్టల్ లైబ్రరీలో ఉంచుదాం.

మాకు ఆలస్యమైంది. మీకు ఇంకా సమయం ఉంది.