ఎప్పుడో గానీ తిరగని యంత్రాల గురించి

చి. రవళికి,


నువ్వు పంపిన చార్టు చూశాను. ముచ్చటగా ఉంది గానీ, ఆసుపత్రిలోని యంత్రాలన్నిటినీ ఒకే గాటన కట్టి నెలకోసారి తనిఖీ అని రాసేశావు. లిఫ్టు చెడితే నువ్వు వెతకనక్కర్లేదు, జనమే వచ్చి మీద పడతారు. జనరేటర్, ఫైర్ పంపు, ఆక్సిజన్ లైను అలారం అలా కాదమ్మా. వాటితో పని పడేదాకా అవి చెడిన సంగతి ఎవరికీ తెలియదు. నీ బుర్రంతా వీటి మీద పెట్టు.

జనరేటర్ సంగతే చూడు. సగటున రెండేళ్లకోసారి మొరాయిస్తుందనుకుందాం. చెడిన రోజు నీకు తెలియదు, మళ్లీ ట్రయల్ వేసేదాకా అలాగే పడుంటుంది. నెలకోసారి చూస్తే ఆ గుట్టు సగటున పదిహేను రోజులు దాగుతుంది. ఇరవై నాలుగు నెలల్లో అర నెల, అంటే కరెంటు నూరుసార్లు పోతే ఇంచుమించు రెండుసార్లు అది లేవదన్నమాట. మూడు నెలలకోసారైతే ఆరుసార్లు. రెండు ఫరవాలేదా, ఒకటికి తగ్గాలా అన్నది నువ్వొక్కదానివే తేల్చకు, ఐసీయూ డాక్టర్లను అడుగు. ఒకటే అంటే పదిహేను రోజులకోసారి వెయ్యాల్సిందే.

ఆ రెండేళ్ల లెక్క మాత్రం నీ రిజిస్టర్‌లోంచే రావాలి. దాన్ని పాడుచేసేది మనవాళ్లే. ట్రయల్ అనగానే ఆపరేటరు పొద్దున్నే వచ్చి బ్యాటరీ చార్జింగ్ పెట్టి, డిస్టిల్డ్ వాటర్ పోసి, ఓసారి తిప్పి ఇంజన్ వేడి చేసి ఉంచుతాడు. నీ ముందు ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. రిజిస్టర్‌లో ఓకే! రాత్రి రెండింటికి కరెంటు పోతే ఎవరు వేడి చేస్తారు? అందుకని వార్డులకు, థియేటర్లకు ముందే చెప్పు, ఆపరేటరుకు చెప్పకు. మెయిన్ ఆపి చూడు. అందుకోకపోతే బాగుచెయ్యకముందే రాసెయ్యి. అతన్ని మాత్రం తిట్టకు, తిడితే వచ్చే నెల నుంచి అన్నీ ఓకేలే.

ఖాళీగా పది నిమిషాలు తిప్పి ఆపేసేదీ ట్రయల్ కాదు. లోడ్ లేని డీజిల్ ఇంజన్‌లో కాలని ఇంధనం పొగగొట్టంలో జిడ్డులా పేరుకుంటుంది. అమెరికావాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం నెలకోసారి కనీసం 30 శాతం లోడ్‌తో 30 నిమిషాలు తిప్పమంటుంది.

తనిఖీయే కొత్త తంటా తెస్తుంది ఒక్కోసారి. ట్రయల్ అయ్యాక ప్యానెల్ స్విచ్ మాన్యువల్‌లోనే వదిలేస్తే బంగారంలాంటి జనరేటరూ లేవదు. ఇలాంటిదే ఒకటి చూడు: 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో పెట్రోలు ట్యాంకు పొంగి పెద్ద పేలుడు జరిగింది. మట్టం చూపే గేజి బిగుసుకుపోయింది, దానికి కాపుగా పెట్టిన స్విచ్ కూడా పలకలేదు. ఆ స్విచ్‌ను పరీక్షించే లివర్‌ను సరైన చోట నిలిపేది ఓ చిన్న తాళంకప్ప. అది ఎందుకో అక్కడివాళ్లకు తెలియలేదు, వెయ్యలేదు. ప్యానెల్ మీది ప్రతి మీటకూ పని ఏమిటో అమర్చినవాళ్ల చేత చెప్పించుకో.

రెండు జనరేటర్లున్నాయన్నావు. రెంటినీ ఒకేరోజు, ఒకే మనిషి చేత చూపించకు. ఒకటి నెల మొదట్లో, రెండోది నడిమధ్య పెట్టుకో. ట్యాంకులో డీజిల్ పాడైతే మొదటిదానిలోనే బయటపడుతుంది.

థియేటర్ వాళ్లు ఒప్పుకున్న రోజులేవో తేలాక ఫోన్ చెయ్యి. అప్పుడు పాత రిజిస్టర్లు దగ్గర పెట్టుకో, ఫైర్ పంపు లెక్క కలిసి వేద్దాం.

నీ
మామయ్య