ఇంటి తగవు - మధ్యవర్తి ధర్మము

కోపమును, ఆత్మస్తుతిని, పరనిందను విడువవలెనని బసవేశ్వరుడు బోధించెను. కంఠమున ఇష్టలింగమును ధరించి, హృదయమున తోబుట్టువుపై ద్వేషమును మోయుట ఆ బోధకు విరుద్ధము. ఏ యింటనైనను తగవు పుట్టుట సహజమే. దానిని తరతరములకు పెంచుటయే దోషము.

తగవరి వేరు, మధ్యవర్తి వేరు. తగవరి ఇరువురి మాట విని తీర్పు చెప్పును. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఒకరి మాట మరియొకరు వినునట్లు చేసి, పరిష్కారమును వారిచేతనే చెప్పించును.

దృష్టాంతముగా, గోదావరి డెల్టాలో ఒక కుటుంబమునకు కాలువ క్రింద వరిచేను, దాని ప్రక్కన కొబ్బరితోట కలవనుకొందము. తండ్రి లింగైక్యుడయ్యెను. ఆస్తి పంపకము కాలేదు. అన్న తోట తనకే కావలెననును. తమ్ముడు చేనికి నీరు వచ్చు బోదె తోటలోనిది గనుక తోటను విడువననును. మధ్యవర్తి వేరువేరుగా విచారింపగా, వయసు మీరిన అన్న వరిసాగు చేయలేడనియు, తమ్మునికి కావలసినది తోట కాదు, నీరేయనియు తేలును. బోదెపై తమ్మునికి శాశ్వతహక్కును పత్రమున వ్రాసికొనిన ఆ చిక్కు విడిపోవును.

అయితే ఆ యింట చెల్లెలు కూడ కలదు. ఆమె మౌనముగా కూర్చుండెను. మౌనము అంగీకారమని తలచు మధ్యవర్తి ధర్మము తప్పినవాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీరశైవులను, లింగాయతులను పేర్కొని మరీ తనలో చేర్చుకొనెను. 2005 నాటి సవరణ ఉమ్మడి కుటుంబపు ఆస్తియందు కుమార్తెకును పుట్టుకతోనే కుమారునితో సమానహక్కు నొసగెను. ఈ హక్కును ఆమెకు తెలిపి, అన్నదమ్ములు లేనిచోట ఆమె కోరిక నడుగవలెను. పుట్టినిల్లు దూరమగునను భయమున ఆమె చేవ్రాలు చేసిన అది రాజీ కాదు. తనంతట తాను విడుచుట దాసోహము, విడిపించుట అపహరణము.

ఇంటిలో పొసగనిచో న్యాయసేవాధికార సంస్థల నాశ్రయింపవచ్చును. 1987 నాటి చట్టము ననుసరించి ఇవి రాజమహేంద్రవరము, ఏలూరు నగరములయందు పనిచేయుచున్నవి. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. దావా వేయకమునుపే వివాదమును లోక్ అదాలత్‌కు తీసికొనిపోవచ్చును. దావా నడుచుచుండగా రాజీ కుదిరినచో చెల్లించిన కోర్టురుసుము తిరిగి వచ్చును. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కావున పత్రమును చదివించుకొని, బోధపడిన పిమ్మటనే చేవ్రాలు చేయవలెను.

కొట్టుట, కట్నమునకై వేధించుట మొదలైనవానిని ఇంటి పరువు పేరిట సర్దుబాటు చేయరాదు. అట్టిచోట ముందుగా కావలసినది బాధితురాలికి రక్షణ.

అనుభవమంటపమున అల్లమప్రభువు అధ్యక్షతన స్త్రీపురుషులు, సకల కాయకములవారు సమముగా కూర్చుండి మాటాడిరని మన సంప్రదాయము. ఇంటి తగవు తీర్చుటకు కూర్చుండిన ప్రతి పెద్దయు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: ఈ సభలో ఇంకను మాటాడనివారెవరు?